కలరా క్రిమి : ఏరు, వంటిల్లు, కడుపు
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఉత్సవ సమయంలో రోగాల ప్రసక్తి ఏమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. ఆహ్వాన సంఘం వారు నన్ను ఒక్కటే కోరారు: “మీ శాస్త్రాన్ని గూర్చి తెలుగులో, ఇంట్లో అమ్మమ్మకు కూడా తెలిసేటట్లు చెప్పండి” అని. సూక్ష్మజీవుల శాస్త్రాన్ని ఎన్నో ఏళ్ళు ఇంగ్లీషులోనే బోధించినవాడికి ఇది సంతోషమూ, కొంత బెదురూ కలిగించే కోరిక. ఈ చెన్నపట్నంలో, తెలుగులో సైన్సు చదివించిన ఈ బడిలోనే ఆ పని చేయలేకపోతే మరెక్కడ చేయగలను? అందుకని ఒకే ఒక క్రిమిని ఎన్నుకొన్నాను. అది కలరా క్రిమి. రోగక్రిమికీ మనిషికీ, వాని తిండికీ, చుట్టూ ఉన్న నేలకూ నీటికీ గల సంబంధాన్ని ఇంత స్పష్టంగా చూపించే క్రిమి మరొకటి లేదని నా అభిప్రాయం.

మన నగరానికి ఈ రోగంతో పాత పరిచయమే ఉన్నది. ఐలండ్ మైదానం దగ్గర గుర్రంమీద కూర్చున్న సర్ థామస్ మన్రో విగ్రహాన్ని మీరందరూ చూసి ఉంటారు. ఆయన మద్రాసు గవర్నరుగా పని ముగించుకొని స్వదేశానికి పోబోతూ, ఒకప్పుడు తాను కలెక్టరుగా పాలించిన దత్తమండలాలను కడసారి చూడబోయాడు. 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో మరణించాడు. అంతకు పదేళ్ళ ముందు, 1817లో, బెంగాలులోని జెస్సోరు ప్రాంతంలో రేగిన కలరా దేశమంతటా పాకి సముద్రాలు దాటింది. గవర్నరునూ విడువలేదు, గవర్నరు బోయీలనూ విడువలేదు. కోస్తావారు వాంతిభేది అన్నారు, తెలంగాణలో గత్తర అన్నారు, వైద్య గ్రంథాలు విషూచి అన్నాయి. “నీకు గత్తర రాను” అనే తిట్టు ఎంత భయంలోనుంచి పుట్టిందో ఈనాటి పిల్లలకు ఊహకు కూడా అందదు.

రోగం నీటి ద్వారా వస్తుందని 1854లో లండనులో జాన్ స్నో నిరూపించాడు. అదే సంవత్సరం ఇటలీలో పచీనీ మృతుల ప్రేగులలో ఆ క్రిమిని సూక్ష్మదర్శినితో చూశాడు; ఆయన మాట ఎవరూ పట్టించుకోలేదు. 1884లో రాబర్ట్ కాక్ కలకత్తాకు వచ్చి, రోగుల ప్రేగులలోనే గాక, ఊరివారు వాడుకొనే ఒక చెరువు నీటిలో కూడా కామా ఆకారంలో ఉన్న ఈ క్రిమిని కనుగొన్నాడు. ఇంతవరకు పాఠ్యపుస్తకాలలో ఉన్న కథే. రోగి మలం నీటిలో కలుస్తుంది, ఆ నీరు తాగినవానికి రోగం వస్తుంది, క్రిమికి నీరు కేవలం ఒక దారి అని చాలాకాలం అందరూ నమ్మారు.

ఆ నమ్మకంలో సగమే నిజం. 1970 దశకంలో అమెరికాలో రీటా కోల్వెల్ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులూ చెసపీక్ అఖాతపు నీటిలో కలరా క్రిమిని పట్టుకొన్నారు. ఆ తీరంలో కలరా రోగులు లేరు. రోగి లేని చోట క్రిమి ఎక్కడినుంచి వచ్చింది? ఎక్కడినుంచీ రాలేదు, అది అక్కడిదే. నదీ ముఖద్వారాలలో, ఉప్పుటేరులలో, మంచినీరూ ఉప్పునీరూ కలిసే తావులలో కాపురం ఉండే సహజ జలజీవి అది. మన పులికాట్ సరస్సు, ఎన్నూరు ఏటిమొగ వంటి తావులు దాని స్వభావానికి సరిపోయేవి. ఇలా అన్నానని రేపటినుంచి ఎవరూ రొయ్యలు కొనడం మానవద్దు. నీటిలో ఉండే ఈ జాతి క్రిములలో చాలా భాగం రోగం కలిగించే శక్తి లేనివే.

ఆ నీటిలో దాని సంసారం ఎటువంటిదో చూడండి. రొయ్యకు దూరపు చుట్టాలైన కోపెపాడ్లు అనే చిన్న ప్రాణులు ఉన్నాయి. ఒక్కొక్కటి సుమారు ఒక మిల్లీమీటరు పొడవు. వెలుతురులో గ్లాసెత్తి పట్టి చూస్తే చుక్కలవలె గంతులు వేస్తూ కనిపిస్తాయి. వాటి పెంకు కైటిన్ అనే పదార్థంతో తయారైనది. కలరా క్రిమి ఆ పెంకును పట్టుకొని, దాన్నే కరిగించి తింటుంది. ఒక్క కోపెపాడ్ మీద వేల సంఖ్యలో క్రిములు ఉండవచ్చు. ఎండ ముదిరి నీరు వేడెక్కి, నాచు పెరిగితే, దాన్ని తినే కోపెపాడ్లూ పెరుగుతాయి. వాటితో పాటు క్రిములూ పెరుగుతాయి. బెంగాలు తీరంలో కలరా ఋతువుల ననుసరించి రావడానికి ఇది ఒక కారణం. చలికో, ఆకలికో తట్టుకోలేనప్పుడు ఈ క్రిమి ఒక రకమైన నిద్రలోకి పోతుంది. అప్పుడది ప్రయోగశాలలో ఎంత పోషణ ఇచ్చినా పెరగదు, కాని చావదు. కాలం కలిసి వచ్చినప్పుడు లేస్తుంది. “నీటి పరీక్షలో క్రిమి కనబడలేదు” అనే మాటను జాగ్రత్తగా వినమని నా విద్యార్థులకు చెప్పేవాణ్ణి.

మరి ఈ సాధుజీవి హంతకిగా ఎలా మారింది? ఇక్కడ కథ చాలా విచిత్రంగా ఉంటుంది. బాక్టీరియాకు కూడా జబ్బులు ఉన్నాయి. వాటిని పట్టుకొనే వైరస్‌లను ఫేజ్‌లంటారు. కలరా క్రిమి వెదజల్లే విషానికి సంబంధించిన జన్యువులు నిజానికి దాని సొంత ఆస్తి కాదనీ, ఒక ఫేజ్ తెచ్చి దాని జన్యుపత్రంలో అతికించి పోయినవనీ 1996లో వాల్డర్, మెకలానోస్ అనేవారు నిరూపించారు. 2005లో మరొక సంగతి తెలిసింది. కైటిన్ పెంకు మీద కూర్చున్న కలరా క్రిమి, చుట్టూ చచ్చిన ఇతర క్రిములనుంచి విడివడిన జన్యుపదార్థాన్ని లోపలికి పీల్చుకొని తనదిగా చేసుకోగలదు. అనగా ఆ రొయ్యపెంకు దానికి తిండీ, ఇల్లూ మాత్రమే కాదు. కొత్త ఆయుధాలు దొరికే సంత కూడా.

ఆ సంత ఫలితాన్ని మన నగరం కళ్ళారా చూసింది. అంతవరకు ప్రపంచంలో కలరా మహమ్మారిగా వచ్చిందంటే అది ఓ-1 అనే వర్గం క్రిమి మాత్రమే. తక్కిన వర్గాలు అంతగా ప్రమాదం లేనివని శాస్త్రజ్ఞులు నిశ్చింతగా ఉండేవారు. 1992 అక్టోబరులో ఈ మద్రాసులోనే రోగులనుంచి తీసిన క్రిములు ఆ ఓ-1 పరీక్షకు లొంగలేదు. రోగం మాత్రం అచ్చమైన కలరా. నవంబరులో మధురై, వెల్లూరు. తరువాత నెలల్లో కలకత్తా, బంగ్లాదేశ్. చిన్నప్పటినుంచి కలరా మధ్య పెరిగి, కొంత రక్షణ సంపాదించుకొన్న పెద్దవారిని సైతం అది పడవేసింది. దానికి ఓ-139 అని సంఖ్య ఇచ్చారు. బంగాళాఖాతపు తీరంలో మొదట దొరికింది గనుక బెంగాల్ అని పేరు కూడా పెట్టారు. విచారించి చూస్తే అది కొత్త క్రిమి కాదు. పాత ఓ-1 క్రిమే మరొక వర్గం జన్యువులను తెచ్చుకొని పైచొక్కా మార్చుకొన్నది. మన దేహరక్షకులు గుర్తుపట్టేది ఆ చొక్కానే. ఇలాంటి మార్పు కైటిన్ మీద జరగగలదని 2007లో ప్రయోగశాలలో చేసి చూపించారు. ఎనిమిదవ మహమ్మారి మొదలయిందని అప్పట్లో లోకం భయపడింది. ఆ తరువాత ఓ-139 తనంతట తానే వెనుకబడిపోయి అరుదైపోయింది.

ఇక ఏటినుంచి వంటింటికి వద్దాం.

క్రిమి బిందెలోకి వచ్చినంత మాత్రాన రోగం రాదు. వచ్చిన తరువాత అది తగ్గుతుందా, పెరుగుతుందా అన్నది మన వంటకాల మీద ఆధారపడి ఉంటుంది. 1986లో పశ్చిమ ఆఫ్రికాలోని గినియాలో కలరా వచ్చినప్పుడు పరిశోధకులు ఇంటింటి భోజనం వివరాలు సేకరించారు. అక్కడివారు అన్నంలో రెండు రకాల పులుసులు కలుపుకొంటారు: ఒకటి వేరుశనగతో, ఒకటి టమాటాతో. మిగిలిన వేరుశనగ పులుసు తిన్నవారికి రోగం ఎక్కువగా వచ్చింది. టమాటా పులుసు తిన్నవారికి తక్కువగా వచ్చింది. ప్రయోగశాలలో చూస్తే వేరుశనగ పులుసులో క్రిమి వేగంగా వృద్ధి పొందింది. టమాటాది పుల్లనిది గనుక అందులో పెరగలేకపోయింది. కలరా క్రిమికి పులుపు పడదు. వండి గంటల తరబడి బయట ఉంచిన చప్పని అన్నం దానికి విందుభోజనం.

వెంటనే మనవారు చింతపండునూ మజ్జిగనూ తలచుకొని సంతోషిస్తారని నాకు తెలుసు. ఆ సంతోషంలో కొంత న్యాయం ఉన్నది. బాగా పులిసిన చద్దన్నం వేరు, మూతలేని గిన్నెలో మిగిలిపోయిన వట్టి అన్నం వేరు. అయితే పులుపు క్రిమి పెరుగుదలను అడ్డుకొంటుందే గాని, మురికినీటిని మంచినీరుగా మార్చదు. ఆ మజ్జిగలో పోసిన నీరు ఎక్కడిదో ముందు అడగాలి.

మన ఇళ్ళలో బిందె మూతికి గుడ్డ కట్టి నీళ్ళు పట్టే అలవాటు ఒకటి ఉండేది. పంపునీరు వచ్చాక అది నామోషీ అనిపించి చాలామంది మానివేశారు. కోల్వెల్, అన్వర్ హక్ తదితరులు బంగ్లాదేశ్‌లోని మత్లబ్ ప్రాంతంలో 65 గ్రామాలలో దీనికి దాదాపు మూడేళ్ళు పరీక్ష పెట్టారు. ఫలితాలు 2003లో వెలువడ్డాయి. పాత నూలు చీరను పలు మడతలు వేసి నీళ్ళు వడకట్టిన ఇళ్ళలో కలరా 48 శాతం తగ్గింది. క్రిమి ఎంతో చిన్నది, గుడ్డ కంతలలోనుంచి సులువుగా జారిపోతుంది. కాని కోపెపాడ్ జారిపోలేదు. క్రిములలో అధిక భాగం దాన్ని పట్టుకొని ఉన్నాయి గనుక బండితో పాటే ప్రయాణికులూ గుడ్డమీద నిలిచిపోయారు. కొత్త చీరకంటె పలుసార్లు ఉతికిన పాత చీరే మేలు. పోగులు విచ్చుకొని కంతలు చిన్నవవుతాయి. ఐదేళ్ళ తరువాత వెళ్ళి చూస్తే 31 శాతం స్త్రీలు ఇంకా వడకట్టుకొంటూనే ఉన్నారు. వారి ఇరుగుపొరుగున వడకట్టనివారికి కూడా రోగం కొంత తక్కువగానే వచ్చింది. మరిగించే కట్టెలు లేని చోట ఇది గొప్ప మేలు. మరిగించగల వారికి మాత్రం ఇది బదులు కాదు. విడిగా తేలే క్రిములనూ, కామెర్లు కలిగించే వైరస్‌లనూ చీర ఆపలేదు.

ఇప్పుడు కడుపు. రోగక్రిమికి చోటిచ్చే దేహాన్ని శాస్త్రంలో ఆతిథేయి అంటారు. పిలవని అతిథి అయినా మాట మాత్రం అదే. మన ఇంటి కాపలాదారు జఠరంలోని ఆమ్లం. అమెరికాలో సమ్మతించిన వారికి, వైద్యుల పర్యవేక్షణలో ఈ క్రిమిని ఇచ్చి పరీక్షించారు. వట్టి నీటితో కోట్లాదిగా ఇచ్చినా చాలామందికి ఏమీ కాలేదు. సోడా ఉప్పుతో ఆమ్లాన్ని విరిచి ఇచ్చినప్పుడు పది లక్షలు చాలినవి. అన్నం, చేపలతో కలిపి ఇచ్చినా అంతే. అన్నం క్రిమికి గొడుగు పట్టింది. పోషణ లేని పిల్లలలో ఆమ్లం తక్కువగా ఊరుతుంది. ఒకే బిందె నీళ్ళు తాగిన ఇంట్లో ఒకరు పోయి, ఒకరు తిరిగారంటే అందులో కర్మకంటె కడుపు పాత్ర ఎక్కువ. రక్తవర్గం కూడా కొంత నిర్ణయిస్తుంది. ఓ వర్గం వారికి రోగం సోకితే తీవ్రంగా ఉంటుంది.

ఆమ్లాన్ని దాటినది చిన్న ప్రేగు గోడను పట్టుకొని విషం వదులుతుంది. కలరా ప్రేగును కొరకదు, చీల్చదు, రక్తంలోకి పోదు. దీన్ని గ్రహించడానికి కాక్ తరువాత 75 ఏళ్ళు పట్టింది. కలకత్తాలో శంభునాథ్ డే అనే వైద్యుడు పరిమిత సాధనాలతో, కుందేలు ప్రేగును రెండు చోట్ల ముడివేసి, క్రిములను వడకట్టి తీసివేసిన ద్రవాన్ని మాత్రమే అందులోకి ఎక్కించాడు. క్రిమి లేకుండానే ప్రేగు నీటితో ఉబ్బింది. విషం ఉన్నదని 1959లో లోకానికి చాటాడు. 1978లో నోబెల్ సంస్థవారి సదస్సుకు పిలుపు వచ్చింది గాని, స్వదేశంలో ఆయనకు తగిన గౌరవం దక్కలేదు. 1985లో గతించారు. ఈ పేరు మన పాఠ్యపుస్తకాలలో ఉండవలసినది.

ఆ విషం ప్రేగు కణాలలోని ఒక కొళాయిని తెరచి పట్టుకొంటుంది. ఉప్పు బయటికి పోతుంది, దాని వెంట నీరు పోతుంది. తీవ్రమైతే గంటకు లీటరు దాకా, బియ్యం కడిగిన నీళ్ళవలె. క్రిమికి దీనివలన లాభమేమి? తిరుగు ప్రయాణం. కోట్లకు కోట్లుగా పెరిగి, ఆ వరదమీదనే మళ్ళీ నేలకూ నీటికీ చేరుతుంది. అంతేకాదు, మనిషి ప్రేగులోనుంచి అప్పుడే వెలువడిన క్రిమి, ఏటిలో పెరిగినదానికంటె ఎన్నో రెట్లు సులువుగా మరొకరికి సోకుతుందనీ, ఆ పదును కొన్ని గంటలు నిలుస్తుందనీ 2002లో కనుగొన్నారు. రోగి పడుకొన్న ఇంట్లో తొలి గంటలు ఎంత ముఖ్యమో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

అన్నిటికీ ఏటినే నిందించడమూ తప్పే. 2010 జనవరిలో హైతీలో భూకంపం వచ్చింది. అక్టోబరులో కలరా మొదలయింది. అంతకుముందు ఆ దేశానికి ఈ రోగం తెలియదని చరిత్రకారులు చెబుతారు. అక్కడి సముద్రంలోనుంచి లేచిందని కొందరు వాదించారు. జన్యుపరీక్షలు అది నేపాలు క్రిమి అని తేల్చాయి. శాంతి సైనికుల శిబిరపు మురికి నదిలో కలిసింది. ఎనిమిది లక్షలమందికి పైగా సోకి, దాదాపు పదివేలమంది పోయారు. మహమ్మారి జాతిని మనిషే మోసుకుపోతాడు. దాన్ని నిలుపుకొని, మార్చి, మళ్ళీ అందించేది నీరు.

అందువలన మశూచిని తుడిచిపెట్టినట్లు కలరాను తుడిచిపెట్టలేము. మశూచికి మనిషి తప్ప దిక్కు లేదు. కలరాకు మనిషి ఒక మజిలీ. మిగిలినది దానికీ మనకూ మధ్య గట్టు కట్టుకోవడమే: మురుగు కలవని గొట్టాలు, క్లోరిన్ వేసిన నీరు, చేతికి సబ్బు. టీకా కొంత సాయం. హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ వారు 2009లో షాన్‌కాల్ అనే నోటి టీకా తెచ్చారు. దాని ఉత్పత్తి ఆగిపోయింది గాని 2024లో అదే నగరంనుంచి భారత్ బయోటెక్ వారి హిల్‌కాల్ వచ్చింది. మందుల విషయంలో కూడా తెలుగువారి చేయి ఉన్నది. ఈ నగరంలోనే వైద్యం చదివిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు లెడర్లీ పరిశోధన విభాగానికి అధిపతిగా ఉండగా, 1948లో అక్కడినుంచి ఆరియోమైసిన్ వెలువడింది. ఆ కుటుంబానికి చెందిన డాక్సీసైక్లిన్ నేటికీ కలరాకు వాడుతున్నారు. అయితే కలరాలో ప్రాణం నిలిపేది మందు కాదు, నీరు.

పూర్వం రోగి దాహమో అని అరుస్తుంటే నీళ్ళు ఇవ్వనిచ్చేవారు కారు. ఇస్తే మళ్ళీ వాంతి అవుతుందని పెద్దలు గ్లాసు లాక్కొనేవారు. ప్రేమతోనే చేశారు, ఆ ప్రేమ ఎందరినో చంపింది. విషం కొళాయిని తెరచినా, చక్కెర పట్టుకొని ఉప్పును లోపలికి లాగే మరొక తలుపు చెడదు. వట్టి నీరు నిలవదు, చక్కెరా ఉప్పూ కలిసిన నీరు నిలుస్తుంది. కలకత్తాలో హేమేంద్రనాథ్ చటర్జీ 1953లోనే ఇటువంటి ద్రావణాన్ని నోటి ద్వారా ఇచ్చి రోగులను బ్రతికించాడు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధంనుంచి తరలివచ్చిన కాందిశీకులు బన్‌గావ్ శిబిరంలో కలరాతో నేలమీద పడి ఉన్నారు. ఎక్కించడానికి సెలైను అయిపోయింది. దిలీప్ మహలనబిస్ అనే వైద్యుడు ఉప్పు, గ్లూకోజు, సోడా పొట్లాలు కట్టించి, డ్రమ్ములలో కలిపించి, రోగుల తల్లుల చేతికే చెంబులిచ్చాడు. 30 శాతందాకా ఉన్న మరణాలు 3.6 శాతానికి దిగాయి. ఆయన 2022లో కన్నుమూశారు.

ఇక్కడున్న తల్లులకు పద్ధతి చెప్పి సెలవు తీసుకొంటాను. దుకాణంలో దొరికే ఓఆర్ఎస్ పొట్లమే మేలు. పొట్లంమీద రాసినంత నీటిలోనే కలపండి. అది చేతిలో లేకపోతే, కాచి చల్లార్చిన ఒక లీటరు నీటిలో, టీ చెంచాతో తలకొట్టిన ఆరు చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు. ఉప్పు ఎక్కువైతే పిల్లలకు ప్రమాదం. రుచి చూస్తే కన్నీటికంటె ఉప్పగా ఉండకూడదు. విరేచనమైన ప్రతిసారీ రెండేళ్ళలోపు బిడ్డకు 50నుంచి 100 మిల్లీలీటర్లు, పెద్ద పిల్లలకు దానికి రెట్టింపు. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, చెంచాతో మెల్లగా మళ్ళీ మొదలుపెట్టండి. చంటిబిడ్డకు పాలు మాన్పించవద్దు. కళ్ళు లోతుకు పోయినా, మూత్రం ఆగినా, పొట్టమీద చర్మాన్ని పట్టి వదిలితే మడత వెంటనే పోకపోయినా, బిడ్డ మగతగా ఉన్నా, తెల్లవారేదాకా చూద్దామనుకోక ఆస్పత్రికి తీసుకుపొండి. బిడ్డ మింగగలిగినంతసేపు దారిలో కూడా ఆ ద్రావణం పట్టిస్తూనే ఉండండి.